ఆ 50 శాతం ఎవరు అడిగారు?

మ్యూజియాన్ని పర్యావరణహితంగా మారుద్దామని మీటింగ్ పెడితే వచ్చే సలహాలు ఎప్పుడూ అవే. పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెడదాం, ప్లాస్టిక్ సీసాలు మానేద్దాం, టికెట్లు ఫోన్‌కే పంపిద్దాం. అన్నీ మంచివే, కాదనను. కానీ నేనుండేది బేస్‌మెంట్‌లో, చిల్లర్ల పక్కన, అంటే ఏసీకి చల్లదనం అందించే పెద్ద యంత్రాల దగ్గర. కరెంటు ఎక్కడ పోతోందో నాకు మీటరు చూడకుండా చప్పుడును బట్టే తెలుస్తుంది. గ్యాలరీలో తేమను 50 శాతం దగ్గర, ఉష్ణోగ్రతను 21 డిగ్రీల దగ్గర రాత్రీపగలూ కదలకుండా నిలబెట్టడానికే పోతోంది.

అదెలా జరుగుతుందో పైన తిరిగేవాళ్లలో చాలామందికి తెలియదు. గాలిలోంచి తేమ తీయాలంటే దాన్ని బాగా చల్లబరచాలి. అప్పుడు కాయిల్ మీద నీరు పట్టి కారిపోతుంది. కానీ అంత చల్లటి గాలిని గ్యాలరీలోకి వదలలేం కదా, అందుకని వెంటనే హీటర్ పెట్టి మళ్లీ వేడి చేస్తాం. ఒకే డక్టులో చల్లబరచడానికి కొంత, వేడి చేయడానికి కొంత కరెంటు. ఏసీ పెంచుకుని రగ్గు కప్పుకోవడమన్నమాట. తేమ హద్దు ఎంత ఇరుకుగా పెడితే ఈ రెండూ ఒకదానితో ఒకటి అంత పోట్లాడుకుంటాయి.

ఇంతకీ ఆ హద్దు ఎక్కడిది? రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ నేషనల్ గ్యాలరీ తన చిత్రాలను వేల్స్‌లో మానాడ్ దగ్గర ఉన్న పలకరాతి గనిలో దాచింది. లోపల తేమ స్థిరంగా ఉంచడంతో రంగు పెచ్చులూడడం బాగా తగ్గింది. యుద్ధం అయ్యాక వెనక్కి తెస్తే మళ్లీ మొదలైంది. కాబట్టి స్థిరంగా ఉంచడం మంచిదే, అందులో అనుమానం లేదు. తర్వాత అదే గ్యాలరీలో శాస్త్రవేత్తగా పనిచేసిన గ్యారీ థామ్సన్ 1978లో రాసిన పుస్తకం ద్వారా 'అటూఇటూ 5 శాతం' అన్న లెక్క మ్యూజియాలన్నింటికీ పాకింది. తమాషా ఏంటంటే, ఆ లెక్క వస్తువుల మీద లోతైన అవగాహనతో కంటే యంత్రాలు ఏమాత్రం అదుపు చేయగలవన్న దాన్ని బట్టే వచ్చిందని ఆయనే రాశాడు. అది తెలిసి చాలాసేపు నవ్వుకున్నాను. మా మెషీన్ చేయగలిగినదాన్ని బొమ్మలు అడిగాయనుకుంటున్నాం ఇన్నాళ్లూ!

రాత్రిళ్లు ఏసీ గాలిని తోసే ఫ్యాన్లు ఆపే మాట, వస్తువులు పాడవకుండా చూసుకునే కన్జర్వేటర్ మేడమ్ దగ్గర ఎత్తాను. ఆవిడ మాట్లాడకుండా స్టోర్‌కి తీసుకెళ్లి ఒక పాత చెక్క బీరువా చూపించారు. తలుపు పలకలో నిలువునా పగులు. "చెక్క పొడవునా దాదాపు మారదండీ, అడ్డంగా ఉబ్బుతుంది, అడ్డంగా కుంచించుకుంటుంది. నాలుగువైపులా చట్రంలో బిగించేస్తే ఇంకెటు పోతుంది? పగులు లోపల చూడండి, ఎంత మురికి పేరుకుందో. ఇది ఎప్పటిదో" అన్నారు. అంటే ఆ బీరువా మనం చేయబోయే దానికంటే పెద్ద హెచ్చుతగ్గులు ఎప్పుడో చూసేసింది. ఆ హెచ్చుతగ్గుల్ని మించని మార్పుతో అది కొత్తగా పగిలే ప్రమాదం తక్కువ. కెనడా శాస్త్రవేత్త స్టెఫాన్ మిచాల్‌స్కీ చెప్పిన సూత్రం ఇదే. ఆ పగుల్ని మధ్యలో ఎవరైనా జిగురు పెట్టి అతికించి ఉంటే మాత్రం పాత చరిత్ర చెల్లదు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

పైగా అంత మందపాటి చెక్క గాలిలో మార్పుకి పూర్తిగా స్పందించాలంటే రోజులు, వారాలు పడుతుంది. కొన్ని గంటలు ఫ్యాన్ ఆగిన సంగతి దాని లోపలికి చేరేలోపే తెల్లారిపోతుంది. విడి కాగితం అలా కాదు, చూస్తుండగానే వంకర తిరుగుతుంది. కాకపోతే దాన్ని అట్టపెట్టెలో పెడితే ఆ పెట్టే కాపలా కాస్తుంది.

అందుకే గ్యాలరీలతో పెట్టుకోకుండా స్టోర్‌తోనే మొదలుపెట్టాం. ప్రతి అరలో డేటా లాగర్ (తేమను, ఉష్ణోగ్రతను నమోదు చేసి గ్రాఫ్ గీసే చిన్న పరికరం) పెట్టి రాత్రి ఫ్యాన్లు ఆపి చూశాం. గీత కదిలింది గానీ మేడమ్ కంగారుపడేంత కాదు. అయితే అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. క్లోరైడ్లు (తుప్పు పట్టించే లవణాలు) పట్టిన కంచు వస్తువులకి 50 శాతం తేమే ఎక్కువ, అవి ఇంకా పొడిగా ఉండాలి. వాటికోసం గది మొత్తం ఎండగట్టడం దండగ. షోకేసు అడుగున సిలికా జెల్ ట్రే పెడితే చాలు. దానికి కరెంటు అక్కర్లేదు, తేమ పీల్చుకున్నాక ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

కానీ తలుపు సందుల్లోంచి గాలి దూరితే ఎంత జెల్ పోసినా లాభం లేదు. తలుపు మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూస్తాం. పట్టుకుంటే సరే, జారి వచ్చేసిందంటే అక్కడ రబ్బరు పట్టీ పోయినట్టే. మా 'గ్రీన్ ప్రాజెక్టు'లో సగం పని ఈ పట్టీలు మార్చడమే. ఫొటోకి పనికొచ్చే పని కాదు, అందుకే పత్రికా ప్రకటనలో దాని ఊసే లేదు.

లైట్ల సంగతి తేలిక. హాలోజెన్లు తీసి ఎల్ఈడీలు పెడితే వేడి తగ్గుతుంది, ఆ మేరకు ఏసీ భారమూ తగ్గుతుంది. ఎగ్జిబిషన్ అయిపోగానే గోడలన్నీ పీకి చెత్తలో పడేసే అలవాటు మీద నాకు బోలెడంత కోపం ఉంది గానీ, అది డిజైనర్లతో తేల్చుకోవాల్సిన గొడవ.

అసలు టెన్షన్ ప్రదర్శన కోసం వేరే మ్యూజియాల నుంచి అరువు తెచ్చే వస్తువులతో. పెద్ద మ్యూజియాల డైరెక్టర్ల బృందం బిజో గ్రూప్ 2015లోనే హద్దులు సడలించింది: తేమను పీల్చుకునే వస్తువుల్లో చాలావాటికి 16 నుంచి 25 డిగ్రీలు, తేమ 40 నుంచి 60 శాతం, ఒక్కరోజులో మార్పు 10 శాతం దాటకుండా ఉంటే చాలంది. అయినా అరువిచ్చేవాళ్ల ఒప్పంద పత్రాల్లో పాత అంకెలే వస్తుంటాయి. ఫారమ్ ఎవరో ఎప్పుడో టైపు చేశారు, దాన్నే కాపీ కొడుతున్నారు. అంతే. ఈమధ్య అలాంటిదే ఒకటి వస్తే, సంతకం పెట్టకముందే మా షోకేసు లోపలి లాగర్ గ్రాఫ్ జతచేసి, మీ షరతు గదికా, పెట్టెకా అని అడిగాం. పెట్టె లోపల సరిగా ఉంటే చాలు, గదిని మీ ఇష్టం వచ్చినట్టు నడుపుకోండి అని జవాబొచ్చింది. ఇప్పుడు ప్రతి ఒప్పందానికీ ఆ ప్రశ్నే ముందు పంపుతున్నాం.