బీప్ వచ్చింది కానీ గిటార్ మూలిగింది

ధనుర్మాసం భజనలు దగ్గరపడుతున్నాయని శనివారం వైర్ల సంచి మొత్తం చాప మీద కుమ్మరించాను. పదకొండు తేలాయి. మైకువి నాలుగు, గిటార్, కీబోర్డులకి పెట్టే జాకులవి ఏడు. మల్టీమీటర్ కంటిన్యుటీలో (వైరు తెగకుండా ఉంటే బీప్ కొట్టే సెట్టింగు) పెట్టి కూర్చున్నా.

మైకు వైర్లు త్వరగానే తెమిలాయి. రెండు చివర్లా మూడేసి పిన్నులు, 1కి 1, 2కి 2, 3కి 3 మోగాలి. ఒకదాంట్లో 2, 3 తారుమారయ్యాయి. ఒక్క మైకే వాడితే ఈ తేడా అసలు తెలియదు. హార్మోనియానికి రెండు మైకులు పెడితేనే ఒకదాని సౌండుని ఇంకొకటి తినేసి, బేస్ పల్చబడుతుంది. పోయినేడు జరిగింది ఇదే! మేమేమో పాపం హార్మోనియం బాబాయిని అన్నాం.

జాకుల వైర్లలో రెండు, జాకు మొదట్లో వంచినప్పుడల్లా బీప్ ఆపేస్తున్నాయి. తెగేది దాదాపు ఎప్పుడూ అక్కడే. మూడంగుళాలు కోసేసి మళ్లీ అతికించా. మొదటిదానికి జాకు తొడుగు ముందే ఎక్కించడం మర్చిపోయి, అతికించిందంతా ఊడదీయాల్సి వచ్చింది. ఎన్నేళ్లయినా ఈ బుద్ధి మారదు.

అసలు తలనొప్పి నీలం వైరు. జాకు కొసకి (సౌండు వెళ్లేది) అవతలి జాకు కొస బీప్, గ్రౌండుకి (జాకు ఒళ్లు) గ్రౌండ్ బీప్, రెండింటి మధ్య షార్టు లేదు. కీబోర్డుకి పెడితే భేషుగ్గా ఉంది. గిటార్‌కి పెడితే మాత్రం దుప్పటి కప్పినట్టు మూలుగుతోంది. చివరికి మీటర్‌ని ఓమ్స్‌కి (కరెంటుకి ఎంత అడ్డుందో కొలిచే సెట్టింగు) తిప్పి కొసకీ గ్రౌండుకీ మధ్య చూశా. ఏమీ చూపించకూడదు, 38 కిలో ఓమ్స్ చూపించింది. బీప్ మోగాలంటే కొన్ని పదుల ఓమ్స్ లోపు ఉండాలి కాబట్టి అది నోరు మెదపలేదు.

జాకు విప్పితే దొంగ దొరికింది. గిటార్ వైర్లలో షీల్డ్ (గ్రౌండుకి కలిసే తీగల అల్లిక) కింద నల్లటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, వైరు కదిలినప్పుడు గరగర రాకుండా. అందులో కార్బన్ ఉంటుంది కాబట్టి కరెంటు పారుతుంది. అతికించినవాళ్లు దాన్ని ఒలవకుండా వదిలేశారు, అది వెళ్లి కొస టంకాన్ని తాకుతోంది. కీబోర్డు అవుట్‌పుట్‌కి ఆ 38 కిలో ఓమ్స్ లెక్కలోకి రాదు, గిటార్ పికప్‌కి (తీగల మోతని కరెంటుగా మార్చేది) మాత్రం పెద్ద బరువే. బ్లేడుతో అర సెంటీమీటరు ఒలిచేశా. మీటర్ ఖాళీ, గిటార్ గొంతు విప్పింది.

మిగతా నాలుగింటినీ ఇప్పుడు ఓమ్స్‌లో మళ్లీ చూడాలి, ఇందాక బీప్ విని పక్కన పెట్టేశా. టంకం పెట్టే లెడ్డు కూడా అయిపోవచ్చింది. సోమవారం హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే గుజరాతీ గల్లీకి వెళ్లాలి.