ఒంటెల సీజన్, పిల్లల పరీక్షలు

ఏటా ఆషాఢంలోనే నాకు సెలవు దొరుకుతుంది. అత్తాపూర్‌లో మా వీధిలో బోనాల మైకులు కట్టే రోజుల్లో సూట్‌కేసుతో దిగుతాను. "ఏం సార్, ఎప్పుడొచ్చిన్రు? మళ్ళా ఎప్పుడు పోతున్రు?" అని వాచ్‌మన్ రెండు ప్రశ్నలూ కలిపే అడుగుతాడు. నేను వచ్చేసరికి పిల్లల వేసవి సెలవులు అయిపోయి ఉంటాయి. స్కూళ్లు జూన్ రెండో వారంలో తెరుస్తారు, ఇంటర్ కాలేజీలు ఇంకా ముందే. నేను ఇంట్లో ఉన్నన్నాళ్లూ వాళ్లు ఉండరు. పొద్దున టిఫిన్ బాక్సులు సర్దేటప్పుడు కనిపిస్తారు, మళ్లీ రాత్రి అన్నాల వేళకే.

తప్పు ఎవరిదీ కాదు, ఒంటెలది. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో ఆవులు, గేదెలు చదువుకున్న నేను ఎమిరేట్స్‌లో పందెపు ఒంటెలకు గర్భాలు చూసే డాక్టర్నయ్యాను. ఆవు ఏడాది పొడవునా మూడు వారాలకోసారి ఎదకొస్తుంది. ఒంటెకు చలికాలమే సీజన్, నవంబరు నుంచి ఇంచుమించు ఏప్రిల్ దాకా. పైగా దానికి అండం దానంతటది విడుదల కాదు. మగ ఒంటెతో కలవాలి, లేదా మేము హార్మోన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. అండం విడుదలైన ఏడో రోజునో ఎనిమిదో రోజునో గర్భాశయాన్ని కడిగి పిండాన్ని బయటకు తీసి, వేరే ఆడ ఒంటెలో పెడతాం. ఆ రోజు శుక్రవారమైనా, సంక్రాంతైనా, కొడుకు పుట్టినరోజైనా దాటిపోకూడదు. పందేలూ ఆ నెలల్లోనే. ఈ రంగంలో అక్కడ పెట్టే డబ్బు చూస్తే మన పాడి రైతు నోరు తెరుస్తాడు. ప్రపంచంలో తొలి క్లోనింగ్ ఒంటె 'ఇంజాజ్' 2009లో పుట్టింది దుబాయ్‌లోనే.

పిల్లలు నాతో ఉన్నప్పుడు ఈ లెక్క బాగానే కుదిరేది. అక్కడి ఇండియన్ స్కూళ్లకు జూలై, ఆగస్టు సెలవులు. ఒంటెలకూ అప్పుడు తీరికే. నలుగురం కలిసి ఊరికొచ్చేవాళ్లం. అబ్బాయి తొమ్మిదో తరగతికి రాగానే గల్ఫ్‌లోని తెలుగు ఇళ్లన్నిటిలో మొదలయ్యే చర్చ మా ఇంట్లోనూ మొదలైంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద వచ్చిన నిబంధన ప్రకారం తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివితే పిల్లాడు లోకల్. ఇంజనీరింగ్ సీటు సంగతి వచ్చేసరికి ఆ మాట బరువేంటో తల్లిదండ్రులకు తెలుసు. దాంతో మా ఆవిడ ఇద్దరినీ తీసుకుని హైదరాబాద్ వచ్చేసింది, నేను అక్కడ సింగిల్ రూముకు మారాను. మాకు తెలిసిన ఇళ్లలో సగానికి పైగా ఇలా రెండు ముక్కలైనవే. దీన్ని త్యాగం అంటే నాకు ఒళ్లు మండుతుంది. నా మటుకు నేను అన్నం వండుకుని ఫోను చూస్తూ తింటున్నాను. ఇద్దరు ఎదిగే పిల్లలతో రోజూ వేగేది మా ఆవిడ.

అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, కాల్ వెళ్లదు. అందుకని బోటిమ్ అనే కాలింగ్ యాప్. హైదరాబాద్ మాకన్నా గంటన్నర ముందుంటుంది. నేను స్కానింగులు ముగించి ఫోను పట్టుకునే వేళకు అమ్మాయి స్కూల్లో, వాళ్లు ఇల్లు చేరేసరికి నేను మళ్లీ ఫారంలో. ఆదివారం అబ్బాయి దొరుకుతాడు. "తిన్నావా?" "హా." "క్లాసులెలా ఉన్నాయి?" "ఓకే డాడీ." తర్వాత నెట్ పోతుంది, అది నిజంగా పోయిందో లేదో నేను అడగను. వాళ్ల కాలేజీ ప్రతి వీక్లీ టెస్టు ర్యాంకూ తండ్రి ఫోనుకు మెసేజ్ పంపేది. గ్లవ్ తీసి ఫోను చూసేసరికి, వాడు ఇంటికి చేరి చెప్పకముందే ర్యాంకు నా చేతిలో ఉండేది. ఆ జాబితాలోంచి నా నంబరు తీయించాను. ఇప్పుడు వాడు చెబితేనే నాకు తెలుస్తుంది. వాడు చెప్పేది కొన్నే, కానీ వాడే చెబుతున్నాడు.

అమ్మాయి దారి వేరు. తొమ్మిదో తరగతి, నోరు ఆగదు, కానీ తన గురించి ఒక్క ముక్క రాదు. తెలుగు సబ్జెక్టు దానికి పెద్ద గండం. అక్కడ బళ్లో అరబిక్ చదివిన పిల్ల. ఇక్కడ 2018 చట్టం పుణ్యమా అని సీబీఎస్‌ఈ బళ్లోనూ తెలుగు తప్పనిసరి. ఒత్తులు ఎక్కడికక్కడ వదిలేసి, హోంవర్కు ఫోటో తీసి నాకు పంపుతుంది, రాత్రి ఒంటెల కొట్టం బయట కూర్చుని దిద్దుతాను. ఒకసారి పిండాల మార్పిడి గురించి అడిగితే వివరించాను. పందెం గెలిచే ఒంటెను పదమూడు నెలలు చూలుతో కూర్చోబెట్టడం యజమానికి ఇష్టముండదు, అందుకే వేరే ఒంటె మోసి, కని, పాలిచ్చి పెంచుతుందని. మొత్తం విని, "అంటే అసలుది రేసుకెళ్తుంది, ఇంకొకటి పిల్లను చూసుకుంటుంది. సేమ్ మనలాగే కదా డాడీ" అంది. పక్కన మా ఆవిడ గట్టిగా నవ్వడం వినిపించింది. నాకేం చెప్పాలో తోచక అమ్మకు ఫోనివ్వమన్నాను.

పోయిన చలికాలం సెల్లార్‌లో ఒక వీధికుక్క పిల్ల పడి ఉందని అమ్మాయే వీడియో పంపింది. ముందు నువ్వు రేబిస్ టీకా వేయించుకో, తర్వాతే దాన్ని ముట్టుకో అన్నాను. టీకాలయ్యాయి. అప్పటిదాకా వాచ్‌మన్ దానికి పాలూ అన్నమూ పెట్టాడు. తర్వాత పెదవి పైకెత్తి చిగుళ్లు చూపించమంటే చూపించింది, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చెవుల నిండా పిడుదులు. టిక్ ఫీవర్ అనుకున్నాను. మెహిదీపట్నంలో క్లినిక్ నడిపే నా క్లాస్‌మేట్ రక్తపరీక్ష చేసి అదేనని తేల్చాడు. డాక్సీసైక్లిన్ కోర్సు అయ్యేదాకా మా మాటలన్నీ కుక్కవే. దానికి మందు పెట్టడానికి ఎవరు సాయమొచ్చారు, ఎవరు రామన్నారు, ఫలానా అమ్మాయితో ఇప్పుడెందుకు మాట్లాడట్లేదు, అన్నీ ఆ కుక్క కథలోనే వచ్చేవి. సూటిగా అడిగితే వీటిలో ఒక్కటీ చెప్పేది కాదు. కుక్క బతికింది, ఇప్పుడు వాచ్‌మన్ మంచం కింద పడుకుంటోంది. అపార్ట్‌మెంట్ కమిటీకి అది వేరే తలనొప్పి.

అబ్బాయికి ఈసారి ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు. అవి జరిగేది మా సీజన్ నడిమధ్యలో. నాతో పనిచేసే సూడాన్ డాక్టరుతో ముందే మాట్లాడుకున్నాను. 2023లో యుద్ధం మొదలయ్యాక వాళ్ల కుటుంబం ఖార్టూమ్ వదిలి కైరో చేరింది. అతని పెద్దకూతురు కూడా మా వాడి ఈడుదే. నా పని అతను చూస్తే, ఈద్‌కి అతను కైరో వెళ్లినప్పుడు అతని పని నేను చూడాలి. యజమాని ఒప్పుకోవడానికి కాస్త బతిమాలాల్సి వచ్చింది.

ఈ మాట మొన్న అన్నాల దగ్గర చెప్పాను. అబ్బాయి కంచంలోంచి తలెత్తాడు. "వద్దు డాడీ. నువ్వు అప్పుడొస్తే నాకింకా టెన్షన్. ఎంసెట్ కూడా అయ్యాక మేలో రా, ఎటైనా వెళ్దాం." ఎంసెట్ పేరు మారి చాన్నాళ్లయినా ఇంట్లో ఎవరమూ మారలేదు. మా ఆవిడ నా వైపు చూసి ఏమీ అనకుండా చారు వడ్డించింది. అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "అయితే ఆ లీవ్ నా టెన్త్ పరీక్షలకు ఉంచు. ఫిబ్రవరిలో మొదలవుతాయి. ఇప్పుడే చెప్తున్నా, రాసి పెట్టుకో."

ఒప్పందం మరో ఏడాదికి జరుపుకుందామని సూడాన్ డాక్టరుకు ఆ రాత్రే మెసేజ్ పెట్టాను. అతనికి అభ్యంతరం లేదట. కాకపోతే, ఈ ఏడాది ఈద్ పని ఎలాగూ నేనే చూడాలన్నాడు.