మా వీధి బడి గురించి తల్లిదండ్రుల మాట

గుంటూరులో మా ఇంటికి దగ్గరలో ఉన్న పురపాలక ప్రాథమిక పాఠశాలలో మా అమ్మాయి మూడో తరగతి చదువుతోంది. గత నెల తల్లిదండ్రుల సమావేశం ముగిశాక, మిర్చి యార్డులో పనిచేసే ఒక తండ్రితోనూ, మరి ఇద్దరు తల్లులతోనూ చాలాసేపు మాట్లాడాను.

భవనం గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు. 2019లో మొదలైన నాడు-నేడు పనుల తరువాత మరుగుదొడ్లు, తాగునీరు, బల్లలు మెరుగుపడ్డాయని అందరూ ఒప్పుకున్నారు. వారి బాధంతా చదువు గురించే. "బడి బాగుందండీ, కానీ మావాడు తెలుగు వాచకం కూడా ఇంకా కూడబలుక్కునే చదువుతున్నాడు" అని ఆ తండ్రి అన్నప్పుడు నాకు బదులు దొరకలేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులుంటే సరిపోతుంది కాబట్టి, 30 మందికి ఒకరన్న లెక్క కాగితం మీద కుదిరినా, ఐదు తరగతుల భారం ఆ ఇద్దరి మీదే పడుతుంది. మా పంతులమ్మగారు ఎంతో శ్రద్ధ గలవారు. అయినా రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పేటప్పుడు, వెనుకబడిన పిల్లవాడి పక్కన కూర్చుని అక్షరం దిద్దించే తీరిక ఆమెకు ఎక్కడిది?

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలన్నది కూడా ఆ చట్టంలోని మాటే. ఆ తల్లులలో ఒకరు కమిటీ సభ్యురాలు. తనను సంతకమే తప్ప అభిప్రాయం ఎన్నడూ అడగలేదని ఆమె బాధపడ్డారు. వచ్చే సమావేశంలో మా ఎదుటే పిల్లల చేత చదివించమని మేము నలుగురం కోరబోతున్నాం.