దినోత్సవాల లిస్ట్ పక్కన పడేశాక: గ్రూప్-2లో నాకు పనికొచ్చిన ఒక చిన్న టాపిక్

మొత్తానికి వచ్చేసింది. ఫైనల్ లిస్ట్‌లో నా హాల్‌టికెట్ నంబర్ చూసుకున్నప్పటి నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. అందరూ అడిగేది ఒకటే: ఏ పుస్తకాలు, ఎన్ని గంటలు? పాలిటీ, ఎకానమీ, ఉద్యమ చరిత్రకు అందరూ చదివేవే నేనూ చదివాను. వాటి గురించి కొత్తగా చెప్పడానికి నా దగ్గరేం లేదు. జనరల్ స్టడీస్‌లో ఎవరూ పట్టించుకోని ముక్క ఒకటుంది. సైన్స్, ఇంజినీరింగ్ చరిత్రలోని ముఖ్యమైన తేదీలు. దాని గురించే రాస్తాను.

పోయినసారి నా దగ్గర ఒక కోచింగ్ సెంటర్ ఇచ్చిన జిరాక్స్ ఉండేది. ఎడమవైపు తేదీ, కుడివైపు దినోత్సవం, అంతే. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని దాన్ని ఎన్నిసార్లు తిప్పినా రెండు వారాలకే మొత్తం కలగాపులగం. ఇంజినీర్స్ డే ఎప్పుడంటే సెప్టెంబర్ 15 అని నిద్రలో కూడా చెప్తాం. కానీ తెలంగాణ ఇంజినీర్స్ డే జూలై 11, ప్రపంచ ఇంజినీరింగ్ దినోత్సవం మార్చి 4. ఈ మూడూ జతపరచండిలో ఒకేచోట కనిపిస్తే చెయ్యి ఆగిపోతుంది.

నాకు దారి దొరికింది మాత్రం లైబ్రరీలో కాదు. రూమ్మేట్‌కు తోడుగా ఉస్మానియా ఆసుపత్రికి వెళ్లి, వాడు మందుల క్యూలో ఉంటే నేను ఆవరణలో ఉన్న పాత చింతచెట్టు దగ్గర నిలబడ్డాను. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరదొచ్చినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. పక్కనే నది. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీళ్లను పైనే ఆపాలని ఆయన చెప్పడంతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. సెప్టెంబర్ 15 ఆయన పుట్టినరోజు. ఆ కాలంలోనే నిజాం రాజ్యంలో చీఫ్ ఇంజినీరుగా ఎదిగి, మంజీరా మీద నిజాంసాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు జూలై 11. రెండు తేదీలూ ఒకే కథలో కూర్చున్నాయి. ఆ రోజు నుంచి మళ్లీ తారుమారు కాలేదు.

రూమ్‌కు వచ్చాక ఆ జిరాక్స్ పక్కన పడేసి కొత్త నోట్‌బుక్ తీశాను. నెలకో పేజీ. రాస్తుంటే ఒకటి తేలింది: మన జాతీయ దినోత్సవాలు కొన్ని మనిషి పుట్టినరోజులు, కొన్ని సంఘటన జరిగిన రోజులు. డిసెంబర్ 22 (గణిత దినోత్సవం) రామానుజన్, జూన్ 29 (గణాంక దినోత్సవం) మహలనోబిస్ పుట్టిన రోజులు. ఫిబ్రవరి 28 (సైన్స్ డే) మాత్రం రామన్ పుట్టినరోజు కాదు (ఆయన పుట్టింది నవంబర్ 7న). 1928లో కలకత్తాలో రామన్ ఎఫెక్ట్ కనుక్కున్న రోజు. మే 11 (టెక్నాలజీ డే) అంటే 1998 పోఖ్రాన్ అణు పరీక్షలు. ఆగస్ట్ 23 (అంతరిక్ష దినోత్సవం) అంటే 2023లో చంద్రయాన్-3 దిగిన రోజు, ఎగిరిన రోజు కాదు. ఎగిరింది జూలై 14న. పేపర్ సెట్ చేసేవాళ్లు ఆప్షన్లలో వల వేసేది సరిగ్గా ఇక్కడే. ఇంకో వల, ఆ రోజును జరపడం ఎప్పుడు మొదలైందనేది: రామన్ ఎఫెక్ట్ 1928, సైన్స్ డే జరపడం 1987 నుంచి. ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కనే రాసుకోండి.

తర్వాత రౌండ్ నంబర్లు. 50, 100, 150 ఏళ్లు నిండేవి ఆ ఏడాది కరెంట్ అఫైర్స్‌లోకి వచ్చేస్తాయి. 2026 సంగతే చూడండి. బెల్‌కు టెలిఫోన్ పేటెంట్ దక్కింది 1876 మార్చి 7న, అంటే 150 ఏళ్లు. రామన్ పనిచేసిన కలకత్తా పరిశోధన సంస్థ ఐఏసీఎస్‌ను మహేంద్రలాల్ సర్కార్ స్థాపించింది కూడా 1876లోనే. లండన్‌లో బెయిర్డ్ టెలివిజన్ చూపించింది 1926 జనవరి 26న. మనకు ఈ తేదీ మర్చిపోయే ఛాన్సే లేదు. అదే ఏడాది మార్చి 16న అమెరికాలో గొడ్డార్డ్ మొదటి ద్రవ ఇంధన రాకెట్ వదిలాడు. అది గాల్లో ఉన్నది రెండున్నర సెకన్లు, ఎగిరింది 41 అడుగులు! నాసా నౌక వైకింగ్-1 అంగారకుడి మీద దిగింది 1976 జూలై 20న, దానికి 50 ఏళ్లు.

"ఒకటి రెండు మార్కుల కోసం ఇంత అవసరమా?" అని రూమ్‌లో నవ్వేవాళ్లు. మా బాబాయ్ అయితే ఒక పెళ్లిలో అందరి ముందూ "మావాడు ఎవరెవరి పుట్టినరోజులో బట్టీ కొడుతున్నాడు" అన్నాడు. ఇప్పుడు చెప్తున్నా బాబాయ్, కటాఫ్ దగ్గర ఒక్క మార్కుకు ఎంతమంది ఉంటారో రాసినవాడికే తెలుస్తుంది. పైగా ఇందుకు రోజుకు పావుగంట కూడా పట్టదు. పొద్దున్నే కూర్చోగానే ఆ రోజు తేదీ తీసి, ఏం జరిగింది, ఎక్కడ, ఎవరు అని చూసుకుని మిగతా చదువులోకి వెళ్లిపోయేవాడిని. రీల్స్ చూస్తూ టైమ్ లేదనేవాళ్లతో నేను వాదించను. అశోక్‌నగర్‌లో అర్ధరాత్రి టీ కొట్టు దగ్గర "నోటిఫికేషన్ ఎప్పుడు" అని గంటలు గంటలు మాట్లాడుకునే టైమ్ మాత్రం అందరికీ ఉంటుంది.

నోట్‌బుక్ ఫొటోలు పంపమని అడుగుతున్నవాళ్లకు: నా చేతిరాత నాకే సరిగ్గా అర్థం కాదు, మీది మీరే రాసుకోండి. 2027 పేజీలో హిమాయత్‌సాగర్ వందేళ్లు, 2028 ఫిబ్రవరిలో రామన్ ఎఫెక్ట్ వందేళ్లు ఇప్పుడే వేసేసుకోండి.