0.8.0 విడుదల పనులు: ట్యాగ్ వేసేలోపే తేలాల్సినవి

సబ్‌టైటిల్ ఫైళ్ల టైమింగ్ సరిచేసే చిన్న పైథాన్ టూల్ ఇది. 0.8.0కి కోడ్ పూర్తయింది, మిగిలిందల్లా విడుదల పనే. ఈసారి పెట్టుకున్న నియమం ఒక్కటే: ట్యాగ్ (కోడ్ చరిత్రను దాచే గిట్‌లో విడుదలకు పెట్టే గుర్తు) వేశాక ఆలోచించాల్సింది ఏదీ మిగలకూడదు. ఎందుకంటే పైథాన్ ప్యాకేజీలను అందరికీ పంచే పైపీఐలో ఒకసారి ఎక్కించిన ఫైలు పేరును మళ్లీ వాడనివ్వరు, విడుదలను డిలీట్ చేసినా అంతే. టూల్ పరిచయం ఉండే రీడ్‌మీలో ఒక్క లింకు తప్పు పోయినా, దాన్ని దిద్దాలంటే 0.8.1 తేవాల్సిందే.

ముందు నంబరు సంగతి. అవుట్‌పుట్ ఫ్లాగ్ (కమాండ్‌తో ఇచ్చే ఆప్షన్) పేరు మారింది కాబట్టి ఇది 0.7.5 కాదు, 0.8.0. వెర్షన్ నంబర్లు ఎలా పెట్టాలో చెప్పే సెమాంటిక్ వెర్షనింగ్ లెక్కన సున్నాతో మొదలయ్యే వెర్షన్లలో ఏదైనా ఎప్పుడైనా మారొచ్చు. కానీ వాడేవాళ్లు మధ్య అంకె చూసే జాగ్రత్త పడతారు, వాళ్ల అలవాటును గౌరవించడమే మంచిది. పాత ఫ్లాగ్ ఈ వెర్షన్‌లో కూడా పనిచేస్తుంది, కాకపోతే వార్నింగ్ ఇస్తుంది. ఆ వార్నింగ్ స్టాండర్డ్ ఎర్రర్‌లోకే (హెచ్చరికలు, తప్పుల సమాచారం విడిగా వెళ్లే దారి) వెళ్లాలి. స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి వెళ్తే, ఫలితాన్ని పైప్ చేసి (నేరుగా ఫైలుకో ఇంకో కమాండ్‌కో మళ్లించి) వాడేవాళ్ల సబ్‌టైటిల్ ఫైల్లో మొదటి లైనుగా అదే కూర్చుంటుంది.

వెర్షన్ నంబరును చేత్తో ఎక్కడా రాయడం లేదు, బిల్డ్‌లో వాడే సెట్‌అప్‌టూల్స్-ఎస్‌సీఎం గిట్ ట్యాగ్ నుంచే తీసుకుంటుంది. సౌకర్యమే గానీ రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, టెస్టులు, బిల్డ్‌లు తనంతట తానే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో చెకవుట్ (కోడ్ దించుకునే మెట్టు) మామూలుగా ఆఖరి కమిట్ (గిట్‌లో భద్రపరిచిన మార్పు) ఒక్కదాన్నే దించుతుంది. ట్యాగులు, పాత చరిత్ర లేకపోయేసరికి వెర్షన్ 0.1.డెవ్ అని ఏదో వస్తుంది. ఎంత చరిత్ర దించాలో చెప్పే ఫెచ్-డెప్త్‌ను 0 చేస్తే సరి. రెండోది కాస్త దొంగది. టెస్టులు నడిచేటప్పుడు గిట్‌లో ఉన్న ఏదో నమూనా ఫైలును తిరగరాస్తే వర్కింగ్ ట్రీ 'డర్టీ' (కమిట్ చేయని మార్పులున్నది) అయినట్టు లెక్క. సరిగ్గా ట్యాగ్ మీదే ఉన్నా బిల్డ్‌కి 0.8.1.డెవ్0, దాని వెనక ప్లస్ గుర్తు, తేదీ తగులుకుంటాయి. ప్లస్ ఉన్న వెర్షన్‌ను పైపీఐ తీసుకోదు, అంతవరకు నయం. టెస్టు జాబ్, బిల్డ్ జాబ్ విడివిడిగా పెట్టాక ఆ బెడద లేదు.

ఎక్కువ సమయం తినేది ప్యాకేజీ లోపల ఏముందో చూడడమే. 'పైథాన్ -ఎమ్ బిల్డ్' అని ఊరికే ఇస్తే ముందు ఎస్‌డిస్ట్ (సోర్స్ కోడ్ ప్యాకేజీ) తయారై, వీల్ (నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ) అందులోంచి తయారవుతుంది. ఫ్లాగులిచ్చి రెండూ నేరుగా కట్టిస్తే, ఎస్‌డిస్ట్‌లో లేని ఫైలు వీల్‌లో ఉండిపోయి లోపం బయటపడదు. మన దగ్గర అలా తప్పిపోయేవి అనువాదాల .ఎమ్ఓ ఫైళ్లు: గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోనక్కర్లేని ఫైళ్ల జాబితా) ఉంటాయి కాబట్టి ఎస్‌డిస్ట్‌లోకి రావు. ఇప్పుడు బిల్డ్ సమయంలోనే తయారయ్యేలా మార్చాం. వీల్‌ను కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతా ప్యాకేజీలతో కలవని విడి పైథాన్) వేసి, తప్పనిసరిగా వేరే ఫోల్డర్‌లోకి వెళ్లి నడపాలి. ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఉండి నడిపితే పైథాన్ పక్కనున్న సోర్స్‌నే ఎత్తుకుంటుంది, టెస్టులన్నీ పచ్చగా కనిపిస్తాయి. రీడ్‌మీ సరిగ్గా కనబడుతుందో లేదో 'ట్వైన్ చెక్' చెప్తుంది.

ఎస్‌డిస్ట్‌ను విప్పి గిట్ ఆర్కైవ్‌తో (గిట్‌లో ఉన్న ఫైళ్ల మూట) డిఫ్ (తేడాల జాబితా) కూడా తీస్తున్నాం. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 టార్‌బాల్‌లలో (విడుదల చేసిన సోర్స్ మూటలు) బ్యాక్‌డోర్‌ను (రహస్య దొడ్డిదారి) మేల్కొలిపే ఫైలు గిట్‌లో లేదు, టార్‌బాల్‌లోనే ఉంది. మన డిఫ్‌లో తేడాగా కనిపించాల్సినవి బిల్డ్ చేర్చే పీకేజీ-ఇన్‌ఫో, ఎగ్-ఇన్‌ఫో, సెటప్.సీఎఫ్‌జీ, వెర్షన్ ఫైలు, అంతే. గిట్‌హబ్ తనంతట తాను ఇచ్చే సోర్స్ ఆర్కైవ్‌ల మీద మాత్రం చెక్‌సమ్‌కి (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య) ఆధారపడకూడదు. 2023 జనవరిలో కంప్రెషన్ పద్ధతి మారి, లోపలి ఫైళ్లు అవే అయినా చెక్‌సమ్‌లు మారిపోయి ఎన్నో బిల్డ్‌లు ఆగాయి. అందుకే మన ఎస్‌డిస్ట్‌నే విడుదలకు జతచేస్తున్నాం.

రిహార్సల్ టెస్ట్‌పైపీఐలో, అంటే ప్రయోగాల కోసం ఉన్న విడి పైపీఐలో. అక్కడా వాడిన పేరు వాడిందే కాబట్టి 0.8.0ఆర్‌సీ1, ఆర్‌సీ2 (అసలు విడుదలకు ముందటి పరీక్ష వెర్షన్లు) అంటూ వెళ్లాలి. డిపెండెన్సీలు (మన టూల్‌కి కావాల్సిన వేరే ప్యాకేజీలు) అక్కడ అన్నీ ఉండవు, ముందు అసలు పైపీఐ నుంచి వేసుకుని తర్వాత '--నో-డెప్స్'తో మనది వేయాలి.

అప్‌లోడ్‌కి టోకెన్ (దాచిపెట్టుకునే రహస్య తాళం) తీసేసి ట్రస్టెడ్ పబ్లిషింగ్‌కి (అలాంటి తాళం లేకుండా, గిట్‌హబ్ ఇచ్చే గుర్తింపుతోనే ఎక్కించడం) మారాం. జాబ్‌కి 'ఐడీ-టోకెన్: రైట్' అనుమతి ఉండాలి. వర్క్‌ఫ్లో (గిట్‌హబ్ యాక్షన్స్ చేయాల్సిన పనులు రాసిన) ఫైలు పేరు, ఎన్విరాన్‌మెంట్ పేరు పైపీఐలో నమోదు చేసినవే అయ్యుండాలి. ఫైలు పేరు బాగులేదని మార్చారో, 'ఇన్‌వాలిడ్ పబ్లిషర్' అని తిప్పికొడుతుంది.

ట్యాగ్ '-ఏ'తో వేసిన పూర్తి ట్యాగే కావాలి, దగ్గరి ట్యాగ్ ఏదో చెప్పే గిట్ డిస్క్రైబ్ మామూలుగా తేలికపాటి (పేరు తప్ప ఏమీ లేని) ట్యాగులను లెక్కలోకి తీసుకోదు. ఊరికే గిట్ పుష్ అంటే ట్యాగ్ వెళ్లదు, పేరు చెప్పి పంపాలి. పంపాక దాన్ని ఇంకో కమిట్ మీదికి జరపొద్దు: ముందే ఫెచ్ చేసుకున్నవాళ్ల దగ్గర పాతదే ఉండిపోతుంది.

ఇంత చేశాకా పాడైతే డిలీట్ కాదు, యాంక్ (వాడొద్దని పైపీఐలో గుర్తు పెట్టడం). యాంక్ చేసిన వెర్షన్‌ను సరిగ్గా ఆ నంబరే అడిగినవాళ్లకు పిప్ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) ఇస్తుంది, మిగతావాళ్లకు ఇవ్వదు.

ప్రస్తుతం ఆర్‌సీ2 టెస్ట్‌పైపీఐలో ఉంది. పైథాన్ 3.8కి మద్దతు తీసేశాం గానీ రిక్వైర్స్-పైథాన్ (ఏ పైథాన్ వెర్షన్లు కావాలో చెప్పే లైను) ఇంకా పాతదే. అలాగే వదిలితే 3.8 వాడేవాళ్లకు పిప్ 0.7.4 ఇవ్వకుండా 0.8.0నే వేసేస్తుంది. ఆ లైను మార్చి, ఆర్‌సీ3 కట్టాక ట్యాగ్.