నాలుగు చోట్లు మారిన మద్రాసు దీపం

మెరీనా చూడటానికి వచ్చిన మా బంధువులు ఎరుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్ ముందు ఫొటో దిగి, మద్రాసు లైట్‌హౌస్ చూసేశామంటారు. నిజానికి అది నాలుగోది. 1977లో వెలిగింది, లిఫ్టు కూడా ఉంది. సౌకర్యం మాట సరే, నా ఓటు మాత్రం రెండోదానికే.

మొదటి దీపం 1796లో సెయింట్ జార్జి కోటలో, ఇప్పుడు మ్యూజియం ఉన్న భవనం పైకప్పు మీద వెలిగింది. కొబ్బరి నూనె దీపాలు. అప్పటికి ఇక్కడ హార్బరే లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, మనుషులనూ సరుకునూ ఒడ్డుకు చేర్చేవి మసూలా పడవలు. వాటికి మేకులు కొట్టేవారు కాదు. పలకల అంచుల్లో రంధ్రాలు చేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. బిగుతుగా మేకులు కొట్టిన పడవను కెరటం ఎత్తి ఒడ్డున వేస్తే పగిలిపోతుంది. కుట్టిన పడవ కాస్త వంగి దెబ్బ కాచుకుంటుంది. కుట్ల సందుల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి, తోడుతూనే ఉండాలి. ఎంతటి దొరైనా అందులో తడుస్తూ దిగాల్సిందే. ఆ సంగతి తలుచుకుంటే నాకెందుకో సంతోషంగా ఉంటుంది.

రెండోది 1844లో వెలిగింది. గ్రీకు గుడి నుంచి ఒక్క స్తంభాన్ని పెకలించి తెచ్చినట్టు, సుమారు 125 అడుగుల రాతి కట్టడం. ఇప్పటికీ హైకోర్టు ఆవరణలోనే ఉంది. పక్కనుంచి వెళ్లే నల్లకోట్లలో తలెత్తి చూసేవారు నాకైతే కనిపించలేదు. దీన్ని ఓడించింది హైకోర్టే. 1892లో ఆ భవనం వచ్చాక, దాని గుమ్మటం మరీ ఎత్తు కావడంతో 1894లో దీపం అక్కడికి ఎక్కింది. కింద వాదోపవాదాలు, పైన వెలుగు, 80 ఏళ్లకు పైగా. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ వచ్చి చమురు ట్యాంకులు తగలబెట్టింది ఈ మూడో దీపం కాలంలోనే. ఆ దాడిని గుర్తుచేసే ఫలకం హైకోర్టు గోడ దగ్గర ఉంది.

ఇక నాలుగో దీపం ఉన్న మెరీనా ఇసుక సంగతి. 1875లో హార్బర్ పని మొదలైంది. ఈ తీరంలో ఏడాది మొత్తమ్మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకుపోతుంది. హార్బర్ గోడలు దానికి అడ్డుపడ్డాయి. దక్షిణాన పేరుకున్న ఇసుకతో మెరీనా వెడల్పైంది. ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక సముద్రం ఒడ్డును కోసుకుపోయింది. మెరీనాలో మనం పల్లీలు తింటూ నడిచే ఇసుకలో చాలా భాగం రాయపురం వాళ్లకు చేరాల్సినదే. వాళ్లకు మిగిలింది కోతను ఆపడానికి పోసిన బండరాళ్లు.