టికెట్టు మీద గాజు నొక్కు

పదకొండున్నర దాటింది. పడుకుని, లేచి, మళ్ళీ దీపం వేసుకుని కూర్చున్నాను. ఆ టికెట్టు సంగతి రాస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం మా వారు వీధి చివర జిరాక్సు దుకాణం నుంచి వచ్చి, వేలెడు పొడవున్న ప్లాస్టిక్ ముక్క ఒకటి నా ముందు పెట్టారు. రెండు పొరల మధ్య ఏదో నల్లగా ఉంది. "కొంచెం నల్లబడింది. కానీ ఇక చిరగదు" అన్నారు. వెలుగుకు అడ్డం పెట్టి చూశాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఒక్క అక్షరం లేదు. అమ్మతో కలిసి చివరిసారి సింహాచలం కొండ ఎక్కిన బస్సు టికెట్టు అది.

కొంచెం నల్లబడిందట! ఆ "కొంచెం" దగ్గరే నా ప్రాణం ఇంకా గింజుకుంటోంది. మాడిపోయింది అంటే ఊరుకునేదాన్ని. పోయింది, పొరపాటయింది అన్నా ఊరుకునేదాన్ని.

దుకాణంలో అబ్బాయికి తెలియదా? రోజూ ఎన్ని కాగితాలు ఆ మిషనులో పెడతాడు! కండక్టరు మిషనులోంచి చింపి ఇచ్చే ఈ టికెట్ల మీద అసలు సిరా ఉండదు. కాగితానికే ఒక రసాయనం పూత ఉంటుంది. వేడి తగిలిన చోటల్లా అది నల్లబడుతుంది. మిషను అక్షరాల ఆకారంలో వేడి తగిలిస్తుంది కాబట్టి మనకు అక్షరాలు కనిపిస్తాయి. అలాంటి కాగితాన్ని వంద డిగ్రీలు దాటిన రోలర్ల మధ్యకు తోస్తే ఏమవుతుంది? కాగితం మొత్తం ఒకే అక్షరమైపోతుంది.

లామినేషన్ అంటే మన వాళ్ళకు అంత నమ్మకం ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. జాతకాలు, మార్కుల జాబితాలు, తాతగారి ఉత్తరాలు, అన్నీ తీసుకెళ్ళి అందులో పెట్టించేస్తారు. ప్లాస్టిక్ లోపలి జిగురు వేడికి కరిగి కాగితం పీచులోకి దిగిపోతుంది. తర్వాత దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. మా పిన్ని ఇంట్లో తాతయ్య రాసిన కార్డు ఒకటి అలాగే ఉంది. ముట్టుకుంటే చల్లగా, నున్నగా తగులుతుంది. ఆ కార్డు గరుకుదనం ఇక ఎవరి వేలికీ తెలియదు.

"ఫొటో తీసి పెట్టుకోమ్మా" అని చిన్నది మూడుసార్లు చెప్పింది. తీయలేదు. ఆ మాట ఈ రాత్రి అది ఎత్తలేదు. ఎత్తకపోవడం దాని మంచితనం.

పోయిన అమ్మ జ్ఞాపకంగా, ఫొటోలూ కాగితాలూ అంటించి ఒక పుస్తకం చేస్తున్నాను. ఆ టికెట్టూ అందులోకే. ఎంతవరకు వచ్చిందని అందరూ అడుగుతూనే ఉన్నారు. ఇరవై రెండు పేజీలు అయ్యాయి. సంవత్సరీకానికి పిన్ని, అన్నయ్యలు అందరూ వస్తారు. ఆ రోజుకు వాళ్ళ చేతిలో పెట్టాలని నా తాపత్రయం. చిన్నది విశాఖలో డాబాగార్డెన్స్ అంతా తిరిగి మందపాటి తెల్ల కాగితాలు, ఫొటో మూలలు, రంగు టేపులు తెచ్చింది. ఆమ్లం లేని కాగితమే కావాలని పట్టుబట్టాను. ఆమ్లం ఉన్న వార్తాపత్రిక ముక్కలు ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కి, పక్కనున్న కాగితాన్ని కూడా పసుపు చేస్తాయి. స్టేప్లర్ పిన్నులు, క్లిప్పులు అసలు వద్దన్నాను. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న ఇంట్లో, గాలిలో ఇంత ఉప్పు ఉన్న ఊళ్ళో, పిన్ను తుప్పు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. ఇంత జాగ్రత్త తెలిసిన ఇంట్లోంచి ఆ టికెట్టు అలా వెళ్ళి, అలా తిరిగొచ్చింది.

ఇక్కడ హుద్‌హుద్ తుపాను గుర్తు రాకుండా ఎలా ఉంటుంది?

2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల గాలి అని తర్వాత పేపర్లలో చదివాం. ఆ రోజు మాకు అంకెలు తెలియవు, చప్పుడు మాత్రమే తెలుసు. పొద్దుటి నుంచి ఒక వైపు నుంచి కొడుతోంది కదా అని, ఆల్బములన్నీ దుప్పటిలో మూటగట్టి రెండో వైపు గదిలో మంచం మీద పెట్టాను. మధ్యాహ్నం కాసేపు గాలి తగ్గింది. హమ్మయ్య అనుకున్నాం. తుపాను కన్ను మా మీదుగా దాటుతోందని తెలియదు. మళ్ళీ మొదలైనప్పుడు గాలి ఎదురు దిక్కు నుంచి వచ్చింది. ఆ గది కిటికీ రెక్క ఊడి లోపలికి పడింది. మంచం మీదికి వాన. ఆ తలుపు తెరవడానికే సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు.

తెరిచేసరికి మూట నీళ్ళు ఓడుతోంది. ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఇటుకల్లా ఉన్నాయి. నేను ఏడుస్తూ గోళ్ళతో విడదీయబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "లాగకే, బొమ్మ ఊడి వస్తుంది. నీళ్ళలో వెయ్యి" అంది. తడిసి నాశనమైన వాటిని మళ్ళీ నీళ్ళలో వేయమంటుందేమిటి, వయసు మీద పడి మాట తడబడుతోందేమో అనుకున్నాను. పైకి అనేశాను కూడా. అమ్మ కోప్పడలేదు. "మా తమ్ముడు స్టూడియోలో పని చేసేటప్పుడు చూశాను. ఫొటో పుట్టేదే నీళ్ళలో. దానికి నీళ్ళంటే భయం లేదు. ఎండిపోతేనే భయం" అంది.

అదే నిజం. ఫొటో కాగితం మీద ఉండే జెలటిన్ పొర తడిస్తే మెత్తబడుతుంది, ఒకదానికొకటి ఆనుకుని ఎండితే జిగురులా పట్టేస్తుంది. ఎండకముందే చల్లటి మంచినీళ్ళలో ఉంచితే చాలావరకు వాటంతట అవే వదులుతాయి. కానీ ఆ రోజు మంచినీళ్ళు ఎక్కడివి? కరెంటు లేదు, మోటారు లేదు. తాగే నీళ్ళ బిందెను నేను కాపలా కాస్తున్నాను. అమ్మ పెరట్లోకి వెళ్ళి, వానకు నిండిన గంగాళం చూపించింది. ఆకులూ నలుసులూ ఏరి, పాత చీరతో వడకట్టింది. ఇద్దరం కొవ్వొత్తి వెలుగులో కూర్చున్నాం. ఫొటోల ఇటుకను అమ్మ నీళ్ళలో దించి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఊరికే కూర్చుంది. ఎంతసేపు! కదపదు, లాగదు. ఉన్నట్టుండి అంచు దగ్గర ఒక ఫొటో చేప మొప్పలా తెరుచుకునేది. దాన్ని తీసి, బొమ్మ పైకి ఉండేలా చీర మీద పరిచేది. ఎండలో పెట్టనివ్వలేదు. కరెంటు వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మా హాలు నేల నిండా ఫొటోలే. గోడవారగా అడుగులో అడుగు వేసి నడిచాం.

అమ్మ పెళ్ళి ఆల్బము దాదాపు మొత్తం దక్కింది. నల్లటి దళసరి పేజీలు, మధ్యలో సాలెగూడు గీతల పల్చటి కాగితం. మూలల్లోంచి ఫొటోలు చక్కగా జారి వచ్చాయి. నా పెళ్ళివి సగం పోయాయి. ప్లాస్టిక్ పొర ఎత్తి జిగురు చారల మీద అంటించే ఆల్బము అది, ఆ రోజుల్లో కొత్త మోజు. ఇంకొకటి కూడా ఆ నేల మీదే చూశాను. ఫొటోల కింద నేను స్కెచ్ పెన్నులతో తీర్చి తీర్చి రాసిన పేర్లన్నీ ఊదారంగు మరకలయ్యాయి. నాన్న ఫొటోల వెనక పెన్సిలుతో రాసిన "భీమిలి, 1971, పెద్దత్తయ్య కుడి పక్క" చెక్కుచెదరలేదు.

ఆ నేల చూసిన దాన్ని కాబట్టే ఇప్పుడు చిన్నది తెచ్చిన ప్రతి పెన్నునూ పరీక్ష పెడుతున్నాను. వేరే కాగితం మీద గీత గీసి, అరగంట ఆగి, నీటి చుక్క వేస్తాను. చుక్క రంగు మారితే ఆ పెన్ను పక్కకు పోతుంది.

ఇంత రాశాక ఒక మాట ఒప్పుకోవాలి. కోపంలో ఇందాక రాయలేదు. లామినేషన్‌కు వెళ్ళేనాటికే ఆ టికెట్టు మీద అక్షరాలు సగం పోయాయి. వేసవిలోనే వెలిసిపోవడం మొదలైంది. ఈ రకం కాగితం ఎండకు, వేడికి, కాలానికి దేనికైనా వెలిసిపోతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో కలిపే పదార్థాలు తగిలినా పోతుందట. నేను దాచింది సరిగ్గా అలాంటి కవరులోనే. "పోతోంది, పోతోంది" అని వారం రోజులుగా ఇంట్లో నలుగురికీ వినిపించేలా వాపోయింది నేనే. అది వినే మా వారు వెళ్ళారు. అమ్మ అంటే ఆయనకు నాకంటే తక్కువ ఇష్టమేమీ కాదు. చివరి రోజుల్లో అమ్మకు గోళ్ళు తీసింది ఆయనే.

మరి దేనికి ఈ బాధ? అక్షరాలు ఎలాగూ పోయేవే అయితే ఇంత రాత్రి వేళ ఎందుకు కూర్చున్నాను?

ఆ రోజు బస్సులో అమ్మ టికెట్టును మడతపెట్టి గాజుల మధ్య దూర్చుకుంది. ఎప్పుడూ అంతే. పర్సులో పెట్టుకోమంటే వినదు. "దిగేటప్పుడు అడిగితే ఎక్కడ వెతకను?" అంటుంది. పైకి వెళ్ళాం, దర్శనమైంది, గుడిలోని కప్పస్తంభాన్ని రెండు చేతులా చుట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ కార్తిక ఉదయం చాలా బాగుంది. ఇంటికొచ్చి చేతులు కడుక్కునేటప్పుడు గాజుల మధ్య నుంచి టికెట్టు తీసి నాకిచ్చింది. మధ్యలో అడ్డంగా, కొంచెం వంపుగా ఒక నొక్కు ఉంది. గాజు అంచు నొక్కు. కాగితం అక్కడ కాస్త పలచబడి, వేలు పెడితే చిన్న కాలువలా తగిలేది. ఏడాదిగా నేను ఆ టికెట్టు తీసి చూసినప్పుడల్లా చదవలేదు. తడిమాను. రోలర్లు దాన్ని చదును చేసేశాయి. నల్లబడినందుకు కాదు, చదునైనందుకు నా ఏడుపు. మా వారికి ఆ నొక్కు ఉన్న సంగతే తెలియదు, నేను ఎవరికీ చెప్పలేదు కదా.

చెప్పలేదు, రాయనూ లేదు. మూడు వారాలుగా ఆ పేజీకి నేను చేసిన పని ఏమిటంటే "సింహాచలం" అని శీర్షిక తీర్చడం. చిన్నది నేర్చుకున్న పద్ధతిలో కుంచె పెన్ను కిందికి దిగేటప్పుడు నొక్కాలి, పైకి వెళ్ళేటప్పుడు తేల్చాలి. ఇంగ్లీషు అక్షరాలకు అది సరిపోతుంది. మన అక్షరం తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడ నొక్కాలో ఎక్కడ తేల్చాలో చెయ్యి తేల్చుకోలేదు. ఇంగ్లీషుకు సరిపోయే గీతల మధ్య గుడులూ ఒత్తులూ ఇరుకైపోతాయి. తెలుగు రాతకు కుంచె పనికిరాదని చిన్నది అంటే, బాపు గారి అక్షరాలు చూపించాను. ముద్రణకు కూడా ఆ రాతనే అక్షరాలుగా మలుచుకున్నారంటే ఆ చేతిలో ఎంత జీవం ఉండి ఉండాలి! అప్పటి నుంచి అదీ నేనూ పోటీ పడి రాస్తున్నాం. రూపాయి నాణెం పెట్టి సున్నలు గుండ్రంగా గీశాను. రెండు సున్నలు, రెండూ ఒకే కొలత. చాలా బాగా కుదిరాయి. నిన్నటి దాకా ఆ పేజీ చూసుకుని మురిసిపోయాను.

ఇందాక అది తీసి చూస్తే పరాయి ఇంటి బోర్డులా ఉంది.

అమ్మ క్యాలెండర్లు దించాను. ఆరేళ్ళవి, బీరువా పైన ఉంటాయి. పాలు అరలీటరు, గ్యాసు వచ్చింది, చాకలికి 14, పెద్దదాని ఫోను. తిథి వార నక్షత్రాల పక్కన మిగిలిన గోరంత చోటులో అమ్మ రోజులన్నీ ఉన్నాయి. ఈ ఊళ్ళో ఇంతకంటే శ్రద్ధగా రోజూ రాసిన వాళ్ళు ఎవరైనా ఉన్నారా అనిపించింది. కిందటేడు కార్తికం పేజీ తిప్పాను. ఒక సోమవారం గడిలో ఉంది, "సింహాచలం. ముగ్గురం." తలకట్లు అన్నీ చివర్లో పెట్టినట్టు కొంచెం కుడికి జరిగి ఉన్నాయి. సున్నలు మూడూ మూసుకోలేదు. ఎడమ వైపు చిన్న సందు. అమ్మ సున్న ఎప్పుడూ అంతే, మొదలుపెట్టిన చోటికి తిరిగి రాకముందే చెయ్యి తరువాతి అక్షరానికి వెళ్ళిపోతుంది.

నా శీర్షిక తీసేశాను. అమ్మ రాతను పల్చటి కాగితం మీద ఎత్తుకుని పెద్దది చేస్తాను, ఆ సందులతో సహా. గడిని కత్తిరించను. ఆ క్యాలెండరు మీద కత్తెర పెట్టనివ్వను.

నల్ల ముక్కను ఏం చేయాలో ఇంకా తేలలేదు. పేజీలో పెట్టమంటుంది చిన్నది. నాకు ఇంకా దాన్ని చూడబుద్ధి కావడం లేదు. ప్రస్తుతానికి క్యాలెండరులో ఆ నెల పేజీ వెనక ఉంచాను. నొక్కు గురించి మాత్రం ఇప్పుడే పెన్సిలుతో రాశాను, నాలుగు వరుసలు. ఎంత వంపు ఉండేదో పక్కన గీసి చూపించాను. సరిగ్గా అంతే ఉండేదా అంటే, కొంచెం ఎక్కువే గీశానేమో.

ఆ రోజు టికెట్లు తీసుకున్నది మా వారు. ఎంత ఇచ్చారో, చిల్లర కోసం కండక్టరుతో ఏం మాట్లాడారో, అమ్మ కిటికీ పక్కన కూర్చుందో లేదో ఆయనకే తెలియాలి. రేపు పొద్దున కాఫీ ఇచ్చాక పెన్సిలు చేతిలో పెడతాను, ఆయన చేత్తోనే రాయమని. అప్పటికి మాట్లాడేంతగా కోపం తగ్గుతుందో లేదో చూడాలి.